పరిహేళి అంటే ఏమిటో దారంతో, క్యాలెండర్‌తో, అద్దంతో తెలుసుకోవడం ఎలా

కర్నూల్లో మా వీధిలో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు చాలామందే ఉన్నారు. ఒక సాయంత్రం వాళ్లలో ఒకమ్మాయి జాగ్రఫీ నోట్సు పట్టుకుని మా మిద్దె మీదికి వచ్చింది. "సార్, పరిహేళి జనవరిలో, అపహేళి జూలైలో అని వందసార్లు చదివినా. హాల్లో కూర్చుంటే ఏది దగ్గరో ఏది దూరమో టెన్షన్‌లో తారుమారు అయిపోతాంది. అసలు హేళి అంటే ఏంది సార్? హేళన లాంటిదా?" అనడిగింది.

చాలా మంచి ప్రశ్న. సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు పరిహేళి, అతి దూరంగా పోయే చోటు అపహేళి. ముప్పై ఏళ్లు బడిలో సైన్స్ చెప్పినా, ఈ మాట లోపల ఏముందని ఒక్క పిల్లా నన్ను అడగలేదు. మాటను విప్పి చూస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగం చేత్తో కొలిచి చూస్తే అవుతుంది. ఆ అమ్మాయితో కలిసి ఒక జూలై నుంచి జనవరి దాకా నేను చేసిన పనులే ఇక్కడ రాస్తున్నా. మీకు కావలసింది రెండు మేకులు, సాగని దారం, ముగ్గుపిండి, కొలిచే టేపు, గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్, చేతిలో పట్టే చిన్న అద్దం, కాస్త అట్ట. అన్నిటికంటే ముఖ్యంగా ఆరు నెలల ఓపిక కావాలి.

ముందు మాటను విప్పండి

పరిహేళిని పరి, హేళి అని రెండుగా విడగొట్టండి. హేళి అంటే సూర్యుడు. హేళనకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఈ హేళి అనేది గ్రీకుల సూర్యుడు హీలియోస్. అయితే ఈ మాట నిన్నో మొన్నో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం నుంచి మనకు రాలేదు. క్రీస్తు శకం 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు తన బృహజ్జాతకంలో గ్రహాల మారుపేర్లు చెబుతూ సూర్యుడికి హేళి అని రాశాడు. అదే చోట బుధుణ్ని హేమ్న అన్నాడు, కుజుణ్ని ఆర అన్నాడు, శనిని కోణ అన్నాడు. ఇవి వరసగా గ్రీకుల హెర్మీస్, ఏరీస్, క్రోనోస్. శుక్రుడికి ఆయన చెప్పిన ఆస్ఫుజిత్ అనే పేరులో ఆఫ్రొడైటీ దాగి ఉంది. పేరు ఎక్కడిదైనా ఆకాశం అందరిదీ అనుకుని తీసుకున్న పండితుల కాలం అది. కాబట్టి హేళి మన భాషల్లో దాదాపు పదిహేను వందల ఏళ్లుగా కాపురం ఉంటున్న మాట.

ఇప్పుడు పరి, అప. ఈ రెండూ అరువు తెచ్చుకున్నవి కావు, సంస్కృతంలో పుట్టి పెరిగినవే. గ్రీకులో వీటికి తోబుట్టువులు ఉన్నాయి: పెరి అంటే చుట్టూ, దగ్గరగా, అపో అంటే దూరంగా, ఎడంగా. మనకు పరిసరాలు అంటే చుట్టుపక్కల ఉన్నవి. పరివారం అంటే చుట్టూ ఉండేవాళ్లు. అపహరించడం అంటే దూరంగా ఎత్తుకుపోవడం. ఆ అమ్మాయికి ఇదే చెప్పాను: "పరివారం దగ్గరుంటుంది, అపహరించింది దూరం పోతుంది. ఇంకెప్పుడూ తారుమారు కాదు చూడు." నిజంగానే మళ్లీ కాలేదు. మీరూ మీ నోట్సులో తేదీల కంటే ముందు ఈ వాక్యం రాసుకోండి.

మరి ఈ జంట మాటలు కట్టిందెవరు? జర్మనీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్. 16వ శతాబ్దం చివర ఆయన లాటిన్‌లో రాస్తూ వీటిని పుట్టించాడు. అంతకుముందు ఉన్నవి అపోజీ, పెరిజీ మాత్రమే. వాటి చివరనున్న జీ అంటే గ్రీకులో భూమి. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడని నమ్మిన రోజుల్లో సూర్యుడు భూమికి దగ్గరగా వచ్చే చోటుకు పెరిజీ అంటే సరిపోయేది. 1543లో, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుస్తకం వచ్చాక, దాన్ని నమ్మిన కెప్లర్‌కు ఆ మాట పనికిరాలేదు. తిరిగేది భూమి అయినప్పుడు దూరాన్ని సూర్యుడి దగ్గర నుంచి కదా కొలవాలి! అందుకే జీని తీసేసి హీలియోస్‌ను పెట్టాడు. ఒక్క ముక్క మార్చాడు, అంతే. ఆ ముక్కతో లోకం నడిబొడ్డున ఉన్న భూమి పక్కకు జరిగింది, అక్కడికి సూర్యుడు వచ్చాడు. నాకు ఈ మాట మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఇదే. చంద్రుడి విషయంలో, మనం ఎగరేసే ఉపగ్రహాల విషయంలో మాత్రం పెరిజీ, అపోజీ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అవి తిరిగేది భూమి చుట్టూనే గదా.

ఇక భూమి తిరిగే ఆ దారి, అంటే కక్ష్య. దానికి ఇంగ్లీషులో ఆర్బిట్ అనే మాటకు మూలం లాటిన్ ఆర్బిటా, అంటే బండి చక్రం నేలలో వేసిన గాడి. ఆదోని వైపు నల్లరేగడి చేలు చూసినవాళ్లకు దీన్ని వివరించాల్సిన పని లేదు. తడి నేలలో బండి పోతే చక్రం కింద గాడి పడుతుంది. ఎండ కాసి మట్టి రాయిలా బిగిశాక వెనక వచ్చే బండి చక్రం కూడా అదే గాడిలో దిగి నడుస్తుంది, ఎద్దులు ఎంత లాగినా పక్కకు రాదు. బతుకు గాడిలో పడింది, గాడి తప్పింది అని మనం రోజూ అనే మాట ఇదే. కక్ష్య అన్న సంస్కృత పదానికి మూలార్థం నడుముకు చుట్టే పట్టీ. రెండూ బాగున్నాయి గానీ, నన్నడిగితే గాడి అన్న మాటే కంటికి కనిపిస్తుంది.

మేకులూ దారంతో భూమి గాడిని గీయండి

ఇంటి ముందో బడి ఆవరణలోనో గట్టి నేల చూసుకోండి. రెండున్నర మీటర్ల చదరం చాలు. ముందురోజు నీళ్లు చల్లి తొక్కి ఉంచితే మేకులు కదలవు. రెండు మేకుల్ని మధ్య నుంచి మధ్యకు 3.3 సెంటీమీటర్ల ఎడంతో దిగగొట్టండి. దారం రెండు కొసలూ కలిపి ముడివేస్తే వచ్చే ఉచ్చు చుట్టుకొలత 203.3 సెంటీమీటర్లు ఉండాలి. కొత్త నైలాన్ దారం సాగుతుంది, అందుకని ముడివేసే ముందు రెండు మూడుసార్లు గట్టిగా లాగి వదలండి. ఉచ్చును రెండు మేకులకూ తగిలించి, లోపలి వైపు నుంచి ఒక పుల్లతో బిగువుగా లాగి పట్టుకుని, బిగువు సడలకుండా చుట్టూ తిరిగి గీత గీయండి. ఆ గీత మీద సన్నగా ముగ్గుపిండి వేయండి.

మీరు గీసింది భూమి కక్ష్య. ఇక్కడ ఒక మీటరు అంటే ఆకాశంలో సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. రెండు మేకుల్లో ఏదో ఒక దాని తల మీద పచ్చి బటానీ గింజ ఒకటి పెట్టండి. ఈ లెక్కన సూర్యుడు దాదాపు అంతే, 9 మిల్లీమీటర్లు. భూమి మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు; మీ వేలికి అంటిన ముగ్గుపిండిలో ఒక రేణువు.

ఇప్పుడు టేపు తీయండి. మేకులున్న వరసలో గీత నుంచి గీతకు పొడవు కొలిస్తే 200 సెంటీమీటర్లు వస్తుంది. దానికి అడ్డంగా కొలవండి. అదీ 200 సెంటీమీటర్లే వస్తుంది. నిజానికి అడ్డం కొలత పావు మిల్లీమీటరు పైచిలుకు తక్కువ, కానీ మీ ముగ్గు గీత మందమే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి ఏ టేపుకూ అది దొరకదు. చూడ్డానికి మాత్రం శుద్ధ వృత్తం.

సరే, బటానీ గింజ పెట్టిన మేకు నుంచి కొలవండి. ఒక వైపు గీత 98.3 సెంటీమీటర్లలో ఉంటుంది, ఎదురు వైపు 101.7 సెంటీమీటర్లలో. 98.3 దగ్గరున్న చోటే పరిహేళి. 101.7 దగ్గరున్నది అపహేళి. తేడా రెండు వేళ్ల మందం. ఆకాశంలో ఆ రెండు వేళ్లే సుమారు 50 లక్షల కిలోమీటర్లు: పరిహేళి దగ్గర సూర్యుడు 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అపహేళి దగ్గర 15.21 కోట్ల కిలోమీటర్లలో.

ఈ పని పిల్లలందరి చేతా చేయించాలని నా కోరిక. మన పుస్తకాల్లో భూమి కక్ష్యను కోడిగుడ్డులా, ఇంకా చెప్పాలంటే కీరకాయలా గీస్తారు. దాంతో భూమి ఏడాదికోసారి సూర్యుడి పక్క నుంచే దూసుకుపోతుందని పిల్లవాడి మనసులో ముద్ర పడిపోతుంది. కక్ష్య దాదాపు గుండ్రమే. సూర్యుడు నట్టనడుమ లేడు, కాస్త పక్కకు ఉన్నాడు. పరిహేళి అన్న మాటకు ప్రాణం ఆ కాస్త పక్కకు జరగడంలోనే ఉంది.

ఆ మేకులకు మనం చెప్పే పేరు నాభి. నాభి అంటే బొడ్డు, బండి చక్రం నడిమి చెక్క కూడా. లాటిన్‌లో దీనికి ఫోకస్ అని పేరు పెట్టింది మళ్లీ కెప్లరే, 1604లో. ఫోకస్ అంటే పొయ్యి. ఒక నాభిలో సూర్యుడు మండుతూ ఉంటాడు కాబట్టి పొయ్యి అన్న పేరు ఎంత బాగా అతికిందో చూడండి. కేంద్రం అన్న మాట కూడా గ్రీకు నుంచే సంస్కృతంలోకి వచ్చింది. అక్కడ కెంట్రాన్ అంటే మొదట ఎద్దును పొడిచే ముల్లుకర్ర. తర్వాత వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే ముల్లుకు ఆ పేరు వచ్చింది. మా నాయన చేతిలోని ముల్లుకర్రకూ, కేంద్ర ప్రభుత్వం అన్న మాటలోని కేంద్రానికీ పుట్టుక ఒకటేనని తెలిసిన రోజు నేను నిద్రపోలేదు.

గాడి నిజంగా సాగిపోతే ఎలా ఉంటుందో చూడాలంటే మేకుల్ని 58 సెంటీమీటర్ల ఎడంగా కొట్టి, 118 సెంటీమీటర్ల ఉచ్చుతో గీయండి. 60 పొడవు, 15 వెడల్పు ఉన్న సన్నటి ఆకారం వస్తుంది. అది హాలీ తోకచుక్క దారి. 1986 ఫిబ్రవరి 9న అది పరిహేళి దాటింది, 2023 డిసెంబరులో అపహేళికి చేరి వెనక్కు తిరిగింది. మళ్లీ పరిహేళికి వచ్చేది 2061 జూలైలో.

క్యాలెండర్‌లో పరిహేళిని వెతకండి

దీనికి అసలు ఏ పరికరమూ అక్కర్లేదు. గోడ మీది క్యాలెండర్‌లో సంక్రమణాలు, అంటే సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి అడుగుపెట్టే రోజులు చూడండి. ధనుస్సంక్రమణం డిసెంబరు 16 ప్రాంతంలో వస్తుంది, మకర సంక్రమణం జనవరి 14న. వేళ్ల మీద లెక్కపెట్టండి: 29 రోజులు. ఇప్పుడు జూన్ 15 ప్రాంతంలో వచ్చే మిథున సంక్రమణం నుంచి జూలై 16 ప్రాంతంలో వచ్చే కర్కాటక సంక్రమణం దాకా లెక్కపెట్టండి: 31 రోజులు. ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. గంటలతో సహా చూస్తే ధనుర్మాసం 29 రోజుల చిల్లర, మిథున మాసం 31 రోజులన్నర పైన.

రెండు రాశుల వెడల్పూ 30 డిగ్రీలే. సూర్యుడు ఒకదాన్ని తొందరగా, ఇంకొకదాన్ని నిదానంగా ఎందుకు దాటుతున్నాడు? ధనుర్మాసంలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా నడుస్తుంది. పరిహేళి దగ్గర భూమి వేగం సెకనుకు 30.3 కిలోమీటర్లు, అపహేళి దగ్గర 29.3. సెకనుకు ఒక్క కిలోమీటరు తేడా, దానికి తోడు దగ్గరగా ఉన్నప్పుడు అదే 30 డిగ్రీలకు దారి కూడా పొట్టిది; రెండూ కలిసి నెల తిరిగేసరికి రెండు రోజులకు పైగా తేలింది. పరిహేళి పడేది జనవరి 2 నుంచి 5 లోపు. అంటే మనం తెల్లవారుజామున లేచి తిరుప్పావై వింటూ గుడి ప్రసాదం కోసం వరసలో నిలబడే రోజుల్లోనే భూమి ఏడాదంతటిలోకీ సూర్యుడికి అతి దగ్గరగా, అతి వేగంగా పోతూ ఉంటుంది.

ఇంకో లెక్క కూడా చేయండి. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి 20 నుంచి సెప్టెంబరు 22 లేదా 23 దాకా 186 రోజులు వస్తాయి. అక్కడి నుంచి మళ్లీ మార్చి 20 దాకా 179. సూర్యుడు సరిగ్గా మధ్యలో ఉండి ఉంటే రెండూ సమానం కావాలి.

మన సిద్ధాంతులు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నారు. సూర్యుడు అన్నిటికంటే నిదానంగా నడిచే చోటును మందోచ్చ అన్నారు. మంద అంటే నిదానం, ఉచ్చ అంటే ఎత్తైన చోటు. క్రీస్తు శకం 499 నాటి లెక్కలతో ఆర్యభటుడు సూర్యుడి మందోచ్చను మేషం మొదటి నుంచి 78 డిగ్రీల దగ్గర పెట్టాడు. 60 నుంచి 90 దాకా మిథునం కాబట్టి అది మిథునంలోనే పడింది. మీ క్యాలెండర్‌లో అతి పొడుగు నెల ఏదని తేలింది? అదే. గ్రీకులు ఆ చోటుకు దూరాన్ని బట్టి పేరు పెడితే మనవాళ్లు నడకను బట్టి పెట్టారు. ఒక్క జాగ్రత్త: జాతకంలో సూర్యుడికి మేషం ఉచ్చ అంటారే, అది వేరే సంగతి. రెంటినీ కలపకండి.

అధిక మాసాల గుట్టు కూడా ఇక్కడే ఉంది. అమావాస్య నుంచి అమావాస్యకు 29 రోజులన్నర. సంక్రమణం నుంచి సంక్రమణం దాకా ఉండేది సౌరమాసం. పొడుగాటి సౌరమాసంలో ఒక చాంద్రమాసం మొత్తం ఇమిడిపోతే ఆ చాంద్రమాసంలో సంక్రమణం పడదు, అప్పుడు అధిక మాసం వస్తుంది. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం ఇలా వచ్చినవే. ఎక్కువగా ఎండాకాలం, వానాకాలం నెలలకే అధికం వస్తుంది గానీ పుష్యానికి రాదెందుకని మా అవ్వ అడిగేది. భూమి అప్పుడు పరుగు మీద ఉంటుంది, అందుకని.

ఇంగ్లీషు తేదీల్లో పరిహేళి సుమారు 58 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతూ ఉంటుంది. 1246 ప్రాంతంలో, అంటే కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అది డిసెంబరులో పగలు అతి పొట్టిగా ఉండే రోజుతో కలిసి వచ్చింది. కానీ నక్షత్రాలను పట్టుకుని లెక్కించే మన రాశుల్లో దాని జరుగుబాటు చాలా తక్కువ, సుమారు 300 ఏళ్లకు ఒక డిగ్రీ. గణపతిదేవుడి నాడూ ధనుర్మాసమే, ఇప్పుడూ ధనుర్మాసమే.

దగ్గరగా ఉంటే చలి ఎందుకు?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మిద్దె మీద మీటరు కర్ర నిలబెట్టి చూడండి. కర్నూల్లో జనవరి మొదటి వారం మిట్టమధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు 80 సెంటీమీటర్లు పడుతుంది. జూలై మొదటి వారంలో 12 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు. జనవరిలో సూర్యుడు పక్కకు వాలి ఉంటాడు, పగలు కూడా పొట్టిది. భూమి వంగి ఉండటం వల్ల వచ్చే ఈ తేడా ముందు దూరం వల్ల వచ్చే తేడా చాలదు. అయినా అది సున్నా ఏమీ కాదు. భూమికి చేరే ఎండ జనవరిలో జూలై కంటే 7 శాతం దాకా ఎక్కువ. ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు పలకలు చూసినప్పుడల్లా నాకు ఈ 7 శాతమే గుర్తొస్తుంది.

అద్దంతో సూర్యుణ్ని కొలవండి

అన్నిటికంటే నాకు ఇష్టమైన పని ఇది. సూర్యుడు దగ్గరైతే పెద్దగా కనిపించాలి కదా, దాన్నే కొలుస్తాం. ముందే ఒక మాట: సూర్యుణ్ని నేరుగా చూడకండి, అద్దంలో అసలే చూడకండి. అద్దం వెలుగు ఎవరి కళ్లలోనూ, రోడ్డు మీద పోయే బండ్లవాళ్ల మీదా పడనీయకండి. పిల్లలతో చేస్తుంటే అద్దం దగ్గర ఒక పెద్దవాళ్లు నిలబడాలి.

నల్ల అట్ట ముక్కలో 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి అద్దానికి అంటించండి, రంధ్రం తప్ప అద్దం ఇంకెక్కడా కనపడకూడదు. ఎండలో ఒక స్టూలు వేసి, దాని మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, అందులో అద్దాన్ని గుచ్చండి. పిండి ముద్ద ఎందుకంటే, ఎటు కావాలంటే అటు వెంట్రుకవాసి తిప్పి వదిలితే అక్కడే నిలుస్తుంది. ఇటుక ముక్కలతో, పుస్తకాలతో ఆ పని కాదు. అద్దం నుంచి సరిగ్గా 20 మీటర్ల దూరంలో చీకటి గది ఉండాలి. నేను పనిచేసిన బడిలో పొడుగాటి వరండా, దాని చివర తలుపులు మూసుకునే గది ఉండటం మాకు కలిసి వచ్చింది. ఉదయం 8, 9 గంటల మధ్య సూర్యుడు వాలి ఉంటాడు కాబట్టి అప్పుడు సులువు.

గదిలో గోడ మీద గుండ్రటి వెలుగు పడుతుంది. అది రంధ్రం ఆకారం కాదు, సాక్షాత్తూ సూర్యుడి బొమ్మ. నమ్మకం లేకపోతే రంధ్రాన్ని మూడు మూలలుగా కోసి చూడండి, అప్పుడూ గుండ్రంగానే పడుతుంది. వేపచెట్టు కింద నేల మీద గుండ్రటి మచ్చలు పడతాయే, అవన్నీ సూర్యుడి బొమ్మలే. 2019 డిసెంబరు 26న గ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఆ మచ్చలన్నీ నెలవంకలయ్యాయి.

మొదటి రోజు మేం రెండు తప్పులు చేశాం. రంధ్రం 2 సెంటీమీటర్లు పెట్టాం, వెలుగు బాగా వస్తుందని. వెలుగైతే వచ్చింది గానీ అంచు చెదిరిపోయి ఎక్కడ కొలవాలో తెలియలేదు. రెండోది, వెలుగు గోడ మీద ఏటవాలుగా పడింది. ఒక దిక్కున 18, ఇంకో దిక్కున 21 సెంటీమీటర్లు వచ్చింది. "కక్ష్య గుండ్రమన్నారు, సూర్యుడే కోడిగుడ్డు అయినాడే సార్" అంది ఆ అమ్మాయి. గోడను నమ్ముకోకుండా, ఒక అట్టను వెలుగుకు ఎదురుగా నిటారుగా పట్టుకోవాలని మరుసటి రోజు తెలిసింది.

ఆ అట్ట మీద ముందే వృత్తాలు గీసి ఉంచండి. స్కేలు పెట్టి కొలవడం కుదరదు, ఎందుకంటే భూమి తిరుగుతూ ఉండటం వల్ల ఆ వెలుగు ఆగదు. పాకే పురుగులా జరుగుతూ రెండు నిమిషాల్లో తన వెడల్పంత పక్కకు పోతుంది. అందుకని ఒకే కేంద్రం నుంచి 18.0, 18.3, 18.6, 18.9, 19.2 సెంటీమీటర్ల వ్యాసాలతో సన్నటి పెన్సిలు గీతలు గీయండి. వెలుగు అట్ట మధ్యకు జరిగి వచ్చిన క్షణంలో దాని అంచు ఏ గీతలో అతికిందో చూడాలి. అంచు ఎప్పుడూ కొంచెం మసకగానే ఉంటుంది. మసక మధ్యలో, వెలుగు సగానికి తగ్గిన చోటును అంచుగా పట్టుకోండి. ఒకరే చూసి చెప్పకూడదు. ఇద్దరూ చూసి, ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. అలా పదిసార్లు చేయండి.

అపహేళి జూలై 3 నుంచి 6 లోపు పడుతుంది. మబ్బు పడితే టెన్షన్ పడొద్దు. ఆ తేదీకి పదిహేను రోజులు ముందైనా వెనకైనా దూరంలో మార్పు చాలా స్వల్పం, మీ కొలతకు అందదు. వాన వెలిసి ఎండ కాసిన ఏ ఉదయమైనా సరిపోతుంది. ఆ నెలలో మా వెలుగు 18.3 గీతలో పడింది, ఒకటి రెండుసార్లు కొద్దిగా అటూ ఇటూ.

జనవరిలో సూర్యోదయం ఆగ్నేయం వైపు జరిగి ఉంటుంది కాబట్టి స్టూలు చోటు మారుతుంది. చోటు మారినా ఫరవాలేదు, దూరం మాత్రం 20 మీటర్లే ఉండాలి. టేపుతో మళ్లీ కొలవండి, అడుగులతో అంచనా వేయకండి. అద్దం అదే, రంధ్రం అదే, అట్ట అదే. సంక్రాంతికి పదిరోజుల ముందు, ముగ్గుల పోటీల కోసం బడి ఆవరణ ఊడుస్తున్న ఒక పొద్దున, మేం తలుపులు మూసి అట్ట పట్టుకున్నాం. వెలుగు మెల్లగా పాకుతూ వచ్చి 18.3 గీతను మింగేసింది, 18.6ను దాటింది, వచ్చి 18.9 దగ్గర నిలిచినట్టు కనిపించి మళ్లీ పక్కకు జారింది. ఆ అమ్మాయి తన కాగితం నాకు చూపించకుండా చేత్తో మూసుకుని రాసింది. నేనూ నాది రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. రెంటిలోనూ 18.9.

ఆరు మిల్లీమీటర్లు. నేల మీద ముగ్గుతో గీసినప్పుడు రెండు వేళ్ల మందంగా కనిపించింది, క్యాలెండర్‌లో రెండు రోజులుగా కనిపించింది ఇదే.

చివరగా అట్ట సంగతి. జూలైలో వాడిన అట్టను జనవరి దాకా దాచాలి కదా, దాన్ని మడవకండి, తడి గోడకు ఆనించకండి. అట్ట ఉబ్బితే గీతలు జరుగుతాయి. వెనక వైపు తేదీ, సమయం, దూరం, రంధ్రం కొలత రాసి, గోడ మీది క్యాలెండర్ వెనక అదే మేకుకు తగిలించండి. డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైందని క్యాలెండర్ తిప్పి చూసినప్పుడు అట్ట దానంతట అదే గుర్తొస్తుంది.